పిజ్జా దుకాణంలో పెరిగిన మాండలిన్

“వాళ్లకు అది రక్తంలోనే ఉంటుందమ్మా” అన్నారు మా ఇంటికి భోజనానికి వచ్చిన ఒక పెద్దాయన. టీవీలో ఐదుగురు యువకులు ఒకే ఒక్క మైకు చుట్టూ దగ్గరదగ్గరగా నిలబడి వాయిస్తున్నారు. మాండలిన్, బాంజో, ఫిడిల్, గిటార్, నిలువెత్తు బాస్. డ్రమ్ములు లేవు. కరెంటుతో పలికే వాద్యం ఒక్కటీ లేదు. బృందం పేరు పంచ్ బ్రదర్స్. పేరులో బ్రదర్స్ ఉన్నా వాళ్లలో ఏ ఇద్దరూ అన్నదమ్ములు కారు.

ఆయన మెచ్చుకోలుగానే అన్నారు. నాకు మాత్రం ఆ మాట రాత్రంతా ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఎందుకంటే అదే భోజనాల బల్ల దగ్గర మా అమ్మాయి వయొలిన్ సంగతి అడిగి, “ఈ అమెరికా దేశంలో మన పిల్లలకు ఎంత నేర్పించినా పైపైనేలే” అని కూడా ఆయనే అన్నారు. ఒకరికి రక్తంలోనే ఉంటుందట, ఇంకొకరికి ఎంత చేసినా అబ్బదట. ఈ రెండూ ఒకే అపోహకు రెండు ముఖాలని నా గట్టి నమ్మకం. అందుకే ఆ ఐదుగురూ ఎక్కడ పుట్టారు, చిన్నప్పుడు ఎవరి పక్కన కూర్చున్నారు, వారంలో ఏ రోజు ఏమి విన్నారు అన్నవి ఒక్కొక్కటిగా చెప్పుకొస్తాను. రక్తం సంగతి ఆ తర్వాత చూద్దాం.

ముందు ఈ సంగీతం తెలియనివారి కోసం రెండు మాటలు. కెంటకీ రాష్ట్రంలో పుట్టిన బిల్ మన్రో తన బృందానికి ‘బ్లూ గ్రాస్ బాయ్స్’ అని పేరు పెట్టుకుని, 1939లో నాష్‌విల్ నగరపు రేడియో కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఓప్రీలో చేరారు. ఆ తర్వాత ఆ తరహా సంగీతానికంతటికీ ‘బ్లూగ్రాస్’ అని ఆ బృందం పేరే స్థిరపడింది. ఇందులో దరువు బాధ్యత మాండలిన్‌ది. నాలుగు దెబ్బల లెక్కలో ఒకటి, మూడు బాస్ వేస్తే, రెండో దెబ్బా నాలుగో దెబ్బా మాండలిన్ వేస్తుంది: తీగలన్నిటినీ ఒక్కసారిగా మీటి, మరుక్షణమే ఎడమచేతి వేళ్లు సడలించి నాదాన్ని టక్కున కోసేస్తుంది. దాన్ని ‘చాప్’ అంటారు. పాట మధ్యలో ఒక్కో వాద్యానికి ఒక్కో వంతు వస్తుంది. దాన్ని ‘బ్రేక్’ అంటారు. వంతు వచ్చినవాళ్లు మైకు దగ్గరకు జరుగుతారు, మిగిలినవాళ్లు ఒక అడుగు వెనక్కి తగ్గి, గొంతు తగ్గించినట్టుగా వాద్యం తగ్గిస్తారు. వాయించడం ఎంత నేర్చుకోవాలో, ఎప్పుడు తగ్గాలో కూడా అంతే నేర్చుకోవాలి. ఇది ఒంటరిగా గదిలో కూర్చుంటే వచ్చే విద్య కాదని ఇక్కడే తెలిసిపోతుంది.

ఇక ఆ యువకులు.

మాండలిన్ వాయించే క్రిస్ థీలీ 1981లో దక్షిణ కాలిఫోర్నియాలోని ఓషన్‌సైడ్‌లో పుట్టాడు. అది పసిఫిక్ ఒడ్డు. బ్లూగ్రాస్ పేరు వినగానే అందరూ ఊహించుకునే అపలాచియన్ కొండలు దేశానికి అటు చివర. తండ్రి స్కాట్ పియానోలు శ్రుతి చేసే పనివాడు. పక్కనే కార్ల్స్‌బాడ్‌లో ‘దట్ పిజ్జా ప్లేస్’ అనే దుకాణం ఉండేది. అక్కడ ‘బ్లూగ్రాస్ ఎట్‌సెట్రా’ అనే స్థానిక బృందం వారంవారం వాయించేది. రెండేళ్ల పిల్లవాడిని తీసుకుని ఆ కుటుంబం అక్కడికి వెళ్లేది. పిల్లవాడి కళ్లు మాండలిన్ మీద పడ్డాయి. ఐదేళ్లకు చేతికి మాండలిన్ వచ్చింది. అదే దుకాణానికి వచ్చే ఇంకో కుటుంబం వాట్‌కిన్స్‌వాళ్లది. వాళ్ల అబ్బాయి షాన్, అమ్మాయి శారా. ఆ బృందంలో మాండలిన్ వాయించే జాన్ మూర్ క్రిస్‌కూ షాన్‌కూ గురువయ్యారు. అదే బృందంలోని డెనిస్ క్యాప్లింగర్ శారాకు ఫిడిల్ నేర్పారు.

ఒక్క క్షణం ఇక్కడ ఆగుతాను. ఈ పిల్లలు తమ గురువులను ముందు చూసింది పాఠం చెబుతుండగా కాదు, నవ్వుకుంటూ చెమటలు కక్కుతూ నలుగురి మధ్య వాయిస్తుండగా. పాఠం తర్వాత వచ్చింది. పాఠంలో గురువు చెప్పిన వేళ్ల కదలిక పాటలో ఎక్కడ వస్తుందో వారంవారం కళ్లారా చూశారు. మన పిల్లల్లో ఎంతమంది తమ గురువు కచేరి చూశారు? మా అమ్మాయి గురువుగారు చెన్నైలో ఉంటారు. ఎంతో ఓపికగా, ప్రేమగా, కంప్యూటర్ తెర మీద మూడేళ్లుగా నేర్పుతున్నారు. ఆవిడ ఒక కీర్తన మొదటి నుంచి చివరిదాకా మృదంగంతో కలిసి వాయించగా మా అమ్మాయి ఇంతవరకు వినలేదు. లోపం ఆవిడది కాదు, మేము ఏర్పరచిన పద్ధతిది.

1989లో ఆ ముగ్గురు పిల్లలూ ‘నికెల్ క్రీక్’ అనే బృందంగా ఏర్పడ్డారు. క్రిస్‌కూ శారాకూ ఎనిమిదేళ్లు, షాన్‌కు పన్నెండు. వెనుక బాస్ పట్టుకుని నిలబడింది క్రిస్ తండ్రి. కారులో కూర్చుని క్లాసు అయ్యేదాకా ఫోను చూసుకునే తండ్రి కాదు. 1993లో కాన్సస్ రాష్ట్రంలోని విన్‌ఫీల్డ్‌లో జరిగిన జాతీయ మాండలిన్ పోటీలో పన్నెండేళ్ల క్రిస్ గెలిచాడు. 2000లో ప్రసిద్ధ బ్లూగ్రాస్ గాయని ఆలిసన్ క్రౌస్ నిర్మాణంలో వచ్చిన ఆల్బమ్‌తో ఆ పిల్లల బృందం దేశమంతా తెలిసింది. తర్వాతి ఆల్బమ్‌కు గ్రామీ పురస్కారం వచ్చింది. పంచ్ బ్రదర్స్‌ను కూడగట్టే నాటికి, అంటే 2006లో, థీలీకి పాతికేళ్లు.

బాంజో వాయించే నోమ్ పికెల్నీది షికాగో ప్రాంతం. కొండా కోనా లేని మహానగరం. అన్నయ్య మాండలిన్ నేర్చుకుంటుంటే, వాడితో కలిసి వాయించడానికి తనకూ ఏదో ఒకటి కావాలని ఈ పిల్లవాడు బాంజో పట్టాడు. నేర్చుకున్నది 1957 నుంచి ఆ నగరంలో నడుస్తున్న ‘ఓల్డ్ టౌన్ స్కూల్ ఆఫ్ ఫోక్ మ్యూజిక్’లో. ఎవరైనా డబ్బు కట్టి చేరగల బడి అది. అన్నతో కలిసి వాయించాలన్న కోరికే వాడికి బాంజోను ఇచ్చింది. 2010లో హాస్యనటుడు, బాంజో వాద్యకారుడు స్టీవ్ మార్టిన్ ఏర్పాటు చేసిన యాభై వేల డాలర్ల పురస్కారం మొట్టమొదట అందుకున్నది ఇతనే.

ఇక గిటార్ వాయించే క్రిస్ ఎల్డ్రిడ్జ్. రక్తం వాదనకు బలం చేకూర్చేవాడు ఎవరైనా ఉంటే ఇతనే. తండ్రి బెన్ ఎల్డ్రిడ్జ్ ‘సెల్డమ్ సీన్’ అనే గొప్ప బ్లూగ్రాస్ బృందంలో బాంజో వాద్యకారుడు, వ్యవస్థాపకుల్లో ఒకరు. అయితే ఆ బృందం కథ విన్నాక నా నమ్మకం ఇంకా బలపడింది. బెన్ ఎల్డ్రిడ్జ్ వృత్తిరీత్యా గణితవేత్త. గాయకుడు జాన్ స్టార్లింగ్ శస్త్రవైద్యుడు. డోబ్రో అనే ఒక రకం గిటార్ వాయించే మైక్ ఆల్డ్రిడ్జ్ ఒక దినపత్రికలో చిత్రకారుడు. బాస్ వాయించే టామ్ గ్రే నేషనల్ జియోగ్రాఫిక్‌లో పటాలు గీసే ఉద్యోగి. మాండలిన్ వాయించే జాన్ డఫీ వాద్యాలు బాగుచేసే పనివాడు. బెన్ ఇంటి నేలమాళిగలో అందరూ చేరి వాయించుకునే అలవాటు నుంచి 1971లో బృందం పుట్టింది. ఉద్యోగాలు మానే ఉద్దేశం ఎవరికీ లేదు. ఊరూరా తిరగం, మేము అరుదుగానే కనిపిస్తాం అనే అర్థంలోనే ఆ పేరు పెట్టుకున్నారు. కానీ వారానికి ఒక రాత్రి మాత్రం తప్పేది కాదు. మొదట మేరీలాండ్‌లోని బెథెస్డాలో, తర్వాత వర్జీనియాలోని బర్చ్‌మియర్ అనే చోట గురువారం గురువారం ఏళ్లతరబడి వాయించారు.

గణితవేత్త, వైద్యుడు, పటాల ఉద్యోగి, చిత్రకారుడు. ఈ జాబితా చదువుతుంటే నాకు నార్త్ కరోలినాలోని మా కేరీ ఊరి తెలుగు ఇళ్లు గుర్తొచ్చాయి. సరిగ్గా మనలాంటి ఉద్యోగస్థులే. మధ్యతరగతి, నెల జీతం, పిల్లల చదువులు. వాళ్లు వారానికి ఒక రాత్రి తమ కోసం తాము వాయించుకున్నారు. మనం ఏడాదికి ఒకసారి సంఘం వేదిక ఎక్కడానికి మూడు నెలలు పిల్లల్ని తరుముతాం. తేడా ఇదే. 1982లో పుట్టిన క్రిస్ ఎల్డ్రిడ్జ్ మొదట మోజుపడింది ఎలక్ట్రిక్ గిటార్ మీద. ఇంట్లో అంత బ్లూగ్రాస్ మోగుతున్నా అటు పోలేదు. యుక్తవయసులోకి వచ్చాకే అకూస్టిక్ గిటార్ వైపు మళ్లాడు. ఒబర్లిన్ కళాశాలలో చదువుకుంటూ, గిటార్ మహావిద్వాంసుడు టోనీ రైస్ దగ్గర కూడా నేర్చుకున్నాడు. రక్తమే పని చేస్తే పదిహేనేళ్లు ఎందుకు ఆగింది? గురువారాలు మాత్రం ఆగకుండా సాగాయి. అతను తిరిగొచ్చేసరికి చోటు అక్కడే ఉంది.

ఫిడిల్ గేబ్ విచర్‌ది. కాలిఫోర్నియాలోనే, తండ్రి సొంత కుటుంబ బృందంలో చిన్నప్పటి నుంచి వాయిస్తూ పెరిగాడు. పెద్దయ్యాక హాలీవుడ్ సినిమాల నేపథ్య సంగీతానికి స్టూడియోలలో వాయించాడు. కాగితం మీద స్వరాలు పెడితే చూసి అప్పటికప్పుడు వాయించగలడు. బాస్ మొదట గ్రెగ్ గారిసన్ వాయించాడు. 2008లో పాల్ కావర్ట్ వచ్చాడు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ నుంచి ఫిలడెల్ఫియాలోని కర్టిస్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లి, ఎడ్గర్ మేయర్ వంటివారి దగ్గర పాశ్చాత్య శాస్త్రీయ పద్ధతిలో బాస్ నేర్చినవాడు. ఇతని చేతిలో కమాను ఉంటే బాస్ నుంచి సెల్లో వంటి నిడుపైన నాదం వస్తుంది. బ్లూగ్రాస్ బాస్‌లో అది అరుదు. 2023లో విచర్ స్థానంలో బ్రిటనీ హాస్ వచ్చింది. ఆమెదీ కాలిఫోర్నియానే.

పిజ్జా దుకాణం, నగరంలోని బడి, గణితవేత్త ఇంటి నేలమాళిగ, సినిమా స్టూడియో, శాస్త్రీయ సంగీత విద్యాలయం. ఇవన్నీ ఒకే మైకు దగ్గరకు చేరాయి. వాళ్ల తొలి పెద్ద రచన నాలుగు భాగాలుగా నలభై నిమిషాలకు పైగా సాగుతుంది. థీలీ తన విడాకుల వేదన నుంచి రాసుకున్నది. 2007లో న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో దాన్ని మొదటిసారి వాయించారు. ఇది బ్లూగ్రాస్ ఎలా అవుతుంది అని గొణిగిన సంప్రదాయవాదులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. ప్రేమించినదాన్ని ఎవరో వచ్చి మార్చేస్తుంటే గుండె కలుక్కుమంటుంది. కానీ వాళ్లు కాపాడాలనుకుంటున్న ఆ మొదటి బృందం ఎలా ఏర్పడిందో ఒకసారి చూడండి.

బిల్ మన్రో 1911లో కెంటకీలోని రోజిన్ అనే పల్లె దగ్గర పుట్టారు. ఎనిమిది మంది సంతానంలో ఆఖరివాడు. ఫిడిల్, గిటార్ అన్నలు తీసేసుకోగా మిగిలిన మాండలిన్ ఆయన వంతుకు వచ్చింది. అది కూడా, మరీ గట్టిగా మోగకుండా ఎనిమిది తీగలకు బదులు నాలుగే కట్టుకోమన్నారట. మేనమామ పెన్ వాండివర్ పల్లెల్లో నాట్యాలకు ఫిడిల్ వాయిస్తుంటే వెంట వెళ్లి గిటార్ వాయించారు. ఆర్నల్డ్ షుల్ట్జ్ అనే నల్లజాతి కళాకారుడి గిటార్, ఫిడిల్ వింటూ, ఆయనతో కలిసి నాట్యాలకు వాయిస్తూ ఆ బ్లూస్ ఛాయను ఒంటబట్టించుకున్నారు. తర్వాత ఇండియానాలో చమురు శుద్ధి కర్మాగారంలో పనిచేశారు. 1945 చివర్లో ఆయన బృందంలో చేరిన ఎర్ల్ స్క్రగ్స్‌కు ఇరవై ఒకటేళ్లు. నార్త్ కరోలినా బట్టల మిల్లులో పనిచేసిన కుర్రవాడు. మూడు వేళ్లతో బాంజో మీద ధారగా స్వరాలు కురిపించే అతని పద్ధతి రేడియోలో విన్నవాళ్లు నివ్వెరపోయారు. పాడుతూ గిటార్ వాయించే లెస్టర్ ఫ్లాట్ కూడా బట్టల మిల్లు నుంచి వచ్చినవారే. ఫిడిల్ వాయించే చబ్బీ వైజ్ ఫ్లోరిడాలో టాక్సీ నడిపినవారు. పరమ సంప్రదాయమని నేడు మనం అనుకునేది, ఆ రోజున నాలుగు దిక్కుల నుంచి వచ్చిన యువకుల కొత్త ప్రయోగం.

బాంజో సంగతి అసలే వేరు. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల జ్ఞాపకంలో ఈ నేల మీదకు దిగిన వాద్యమది. మొదట్లో సొరకాయ బుర్రకు తోలు బిగించి చేసుకునేవారు. ఆ మనుషుల సంతతినే బ్లూగ్రాస్ వలయం నుంచి చాలాకాలం బయట నిలబెట్టారు. ఆడవాళ్ల సంగతీ అంతంతమాత్రమే. బ్లూగ్రాస్ వాళ్ల అంతర్జాతీయ సంఘం 1990 నుంచి పురస్కారాలు ఇస్తుంటే, ఉత్తమ గిటార్ వాద్యకారుల పురస్కారం మొదటిసారి ఒక స్త్రీకి, మాలీ టటిల్‌కు, వచ్చింది 2017లో. వారంవారం కూర్చునే చోటు ఉంటే చాలదు. ఎవరు కూర్చోవచ్చు అన్న ప్రశ్న కూడా ఉంది. రక్తం మాట నాకు ఇంత కోపం తెప్పించడానికి ఇదీ ఒక కారణం. తలుపు మూసేవాళ్లందరి చేతిలో ఉండే తాళం చెవి ఆ మాటే.

తలుపు తెరిచిన ఒక పెద్దాయన కథ మా ఇంటికి గంట లోపు దూరంలోనే జరిగింది. మెబేన్ అనే ఊళ్లో జో థాంప్సన్ అనే నల్లజాతి ఫిడిల్ విద్వాంసుడు ఉండేవారు. 1918లో పుట్టినవారు. 2005లో రియానన్ గిడెన్స్, డామ్ ఫ్లెమన్స్, జస్టిన్ రాబిన్సన్ అనే ముగ్గురు యువకళాకారులు ఆయన ఇంటికి గురువారం గురువారం వెళ్లి పక్కన కూర్చుని వాయించడం మొదలుపెట్టారు. రియానన్ అప్పటికే ఒపెరా గానంలో పట్టా పుచ్చుకున్న మనిషి. ఆ గురువారాల నుంచే ‘కరోలినా చాక్లెట్ డ్రాప్స్’ బృందం వచ్చింది. వాళ్లది బ్లూగ్రాస్ కంటే పాతదైన తీగవాద్యాల సంగీతం. అయినా ఇక్కడా అదే పద్ధతి: వారానికి ఒక సాయంత్రం, ఒక గది, వాయించే పెద్దవాళ్లు, పక్కన చిన్నవాళ్లు.

ఇదంతా పుస్తకాల్లో చదివి ఊరుకునేదాన్నే. మా అమ్మాయి కారణంగా కళ్లతో చూశాను.

2013 నుంచి 2024 దాకా బ్లూగ్రాస్ వాళ్ల వార్షిక ఉత్సవం మా రాలీ నగరంలోనే జరిగింది. ఊరి నడిబొడ్డున వీధికి వీధే మూసేసి వేదికలు వేసేవారు. వేదికల కంటే నాకు ఇష్టమైనవి కాలిబాటల మీద, హోటళ్ల వరండాల్లో ఎక్కడికక్కడ ఏర్పడే చిన్న చిన్న గుంపులు. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఐదారుగురు గుండ్రంగా నిలబడి వాయించుకుంటారు. జామ్ అంటారు దాన్ని. ఒక శనివారం మా అమ్మాయి వయొలిన్ క్లాసు అయిపోగానే పెట్టెతో సహా తనను అక్కడికి తీసుకెళ్లాను. పదకొండేళ్లు. వలయానికి నాలుగడుగుల దూరంలో నిలబడిపోయింది. తెల్లగడ్డం ఫిడిల్ తాతగారు ఒకాయన ఆ పెట్టె చూసి, కనుబొమలతోనే రమ్మన్నారు. నా చున్నీ మడతపెట్టి కాలిబాట మీద వేస్తే దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించి, మనవాళ్లు పట్టుకునే తీరులోనే పట్టుకుంది. అందరూ నిలబడి ఉన్నారు, తను ఒక్కతే నేల మీద.

తీగలు ఒక్కొక్కటిగా మీటి శ్రుతి చూసుకుంటోంది. సా, పా, సా, పా. తాతగారు తన ఫిడిల్ దింపి వంగి విన్నారు. “ఇంకోసారి” అన్నారు. మళ్లీ మీటింది. ఆయన ఏమీ అనకుండా తన ఫిడిల్ మరలు తిప్పడం మొదలుపెట్టారు. రెండు నిమిషాల తర్వాత ఆయన తీగలు మీటితే నాకు ఒళ్లు జలదరించింది. మనదే. సా, పా, సా, పా. మామూలు ఫిడిల్ శ్రుతి అలా ఉండదు, ప్రతి తీగా కింది తీగకు పంచమంలో ఉంటుంది. కానీ ఆ కొండల్లోని పాతకాలం ఫిడిల్ వాళ్లు కొన్ని పాటలకు శ్రుతి మార్చి సరిగ్గా ఇలాగే కట్టుకునేవారట. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు వేరు. స్వరాల మధ్య దూరాలు మాత్రం అచ్చంగా మన వయొలిన్‌వే. తన చిన్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఇలా కట్టేవారని ఆయన చెప్పారు. మా అమ్మాయి ఆయన మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఎవరి రక్తంలో ఉంది ఈ శ్రుతి?

ఆ రోజు తను బ్రేక్ తీసుకోలేదు. వంతు వచ్చినప్పుడు తల అడ్డంగా ఊపింది. ఎవరూ బలవంతం చేయలేదు, పాట పక్కవాళ్లకు వెళ్లిపోయింది. మూడు పాటలపాటు షడ్జమం, పంచమం పట్టుకుని కమాను లాగుతూ కూర్చుంది. పాట ముగించే ముందు నడిపించేవాళ్లు ఒక కాలు ముందుకెత్తుతారు, ‘ఇదే ఆఖరుసారి’ అని సంకేతం. నేల మీద కూర్చుంది కనుక ఆ కాళ్లు తనకే అందరికంటే ముందు కనిపించాయి. మూడో పాటకు అందరితో పాటు ఒకే దెబ్బ మీద ఆపగలిగింది. ఇంటికి వస్తూ కారులో అన్నది ఇది: “అమ్మా, ఆపడం కూడా కలిసి ఆపాలి కదా.” మూడేళ్ల క్లాసుల్లో ఆ సంగతి తనకు తెలిసే అవకాశమే మేము ఇవ్వలేదు.

మాండలిన్ మాట వచ్చింది కనుక మా వైపు మనిషిని తలుచుకోకుండా ఉండలేను. మాది పశ్చిమ గోదావరి. ఉప్పలపు శ్రీనివాస్ గారిది పాలకొల్లు. 1969లో పుట్టారు. తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ విద్వాంసులు. ఆరేళ్ల వయసులో ఆ పిల్లవాడు ఇంట్లోని మాండలిన్ అందుకున్నాడు. తండ్రి తన గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారికి అప్పగించారు. సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని వాయించేవాడు. జంట తీగల మీద గమకం సరిగా పలకదని, తర్వాత ఒంటి తీగలు కట్టి, కింది స్థాయి కోసం ఐదో తీగ చేర్చి, ఎలక్ట్రిక్ మాండలిన్‌ను మన సంగీతానికి తగ్గట్టు మలుచుకున్నారు. కెంటకీలో అన్నలు తమ్ముడి మాండలిన్‌కు తీగలు తగ్గించింది అది మోగకూడదని. ఇక్కడ తీగలు తగ్గించింది పాడాలని. మాండలిన్ మీద కర్ణాటక సంగీతం 1975కు ముందు ఎవరి రక్తంలో ఉంది? ఎవరి రక్తంలోనూ లేదు. పాడే గురువు ఎదురుగా కూర్చున్నారు, పిల్లవాడు చెవి ఒగ్గాడు.

ఆయన తొలి కచేరి 1978లో గుడివాడలో, త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో. ఆరాధన అంటే గుర్తొచ్చింది. మన సంగీతం గుంపులో వాయించుకునేది కాదు, ఒంటరి సాధనతో వచ్చేది అని నాతో వాదించేవాళ్లు ఉన్నారు. పంచరత్న కీర్తనలు వందమంది నేల మీద కూర్చుని ఒక్క గొంతుతో పాడేది మన సంగీతంలోనే కదా. పిల్లలు తల్లుల పక్కన చేరి, వచ్చినంత పాడి, రాని చోట పెదవులు కదుపుతారు. అది ఏడాదికి ఒక్క రోజే కావడం నా బాధ. మా ఊరి రామాలయంలో మాత్రం శనివారం శనివారం భజన ఉండేది. మా తాతయ్య హార్మోనియం, బడి మాస్టారు ఢోలక్, మిగిలినవాళ్లకు చిడతలు. తాళం తప్పితే తాతయ్య తల తిప్పి చూసేవారు, అంతే. నాకు తాళం అబ్బింది ఆ చూపు వల్లే. డబ్బు కట్టింది లేదు, పోటీ లేదు, సర్టిఫికెట్ లేదు. అమెరికా వస్తూ పచ్చళ్లు, పట్టుచీరలు, దేవుడి పటాలు అన్నీ తెచ్చుకున్నాను. ఆ శనివారాన్ని తెచ్చుకోవాలని తోచలేదు.

సాధన అక్కరలేదని నేను అనడం లేదు. థీలీ వేళ్లకు ఆ వేగం పిజ్జా తింటే రాలేదు. వేల గంటలు ఒంటరిగా వాయిస్తేనే వచ్చింది. శ్రీనివాస్ గారిదీ అంతే. నేను అడిగేది ఒక్కటే: ఏ పిల్ల వేల గంటలు వాయిస్తుంది? శనివారం నాడు తన కోసం ఎదురుచూసే మనుషులున్న పిల్ల వాయిస్తుంది. అన్నతో కలిసి వాయించాలనుకున్న పికెల్నీ వాయించాడు. పరీక్ష కోసం వాయించే పిల్ల పరీక్ష అయ్యాక పెట్టె మూసేస్తుంది. మా వీధిలోనే అలా మూసిన వయొలిన్ పెట్టెలు నాలుగు నాకు తెలుసు. సంగీతం ఇంట్లో ఉన్న పిల్లలకు ముందంజ ఉంటుందని కూడా ఒప్పుకుంటాను. ఎల్డ్రిడ్జ్, విచర్ ఆ అదృష్టవంతులే. కానీ పియానోలు శ్రుతి చేసే ఆయన కొడుక్కి ఆ అదృష్టం ఊరి దుకాణంలో దొరికింది. రక్తాన్ని మనం మార్చలేం. దుకాణం మాత్రం తెరవగలం.

మేము తెరిచాము. రాలీ ఉత్సవం తర్వాత వచ్చిన రెండో ఆదివారం నుంచి సాయంత్రం ఐదింటికి మా గ్యారేజీలో. మొదటివారం వచ్చింది మా అమ్మాయి, పక్కింటి కీబోర్డు అబ్బాయి, మూడు వీధుల అవతల మృదంగం నేర్చుకుంటున్న ఇంకో పిల్లవాడు. నేను శ్రుతిపెట్టె పెట్టుకుని పాడాను. పదిహేనేళ్ల తర్వాత నలుగురి ముందు గొంతు విప్పాను. మా వారికి ఏ వాద్యమూ రాదు. చిడతలు ఇస్తే మొదటి రెండు వారాలు మోజుగా, మూడో వారం నుంచి శ్రద్ధగా వేస్తున్నారు. మామూలు రామదాసు కీర్తనలే. ఒక్కొక్కరికి ఒక్కొక్క చరణం వంతు. ఎవరి వంతు వస్తే వాళ్లు మధ్యలోని నీలం చాప మీదకు జరగాలి, మిగిలినవాళ్లు తగ్గాలి. కీబోర్డు అబ్బాయికి తగ్గడం ఇంకా రాలేదు, నేర్చుకుంటున్నాడు. మొన్న ఆదివారం, ఆ రోజు భోజనాల దగ్గర రక్తం మాట అన్న పెద్దాయన కూడా వచ్చారు. కుర్చీ వేస్తే వద్దని పిల్లల పక్కనే నేల మీద కూర్చున్నారు. మూడో కీర్తనకు చరణం మధ్యలో మా అమ్మాయి కుడి పాదం మీద వయొలిన్ ఉంది కనుక ఎడమ కాలు ఎత్తింది. ఆయనకు ఆ సంకేతం తెలియదు. అందరూ ఆపేశాక ఆయన చప్పట్లు ఇంకో రెండు దెబ్బలు మోగాయి. “తాతగారూ, నా కాలు చూస్తూ ఉండండి” అని చెప్పి, అదే చరణం మళ్లీ అందుకుంది.